కారుకి ఎల్ఈడీ బల్బులు వేశాక మీటర్‌లో వార్నింగ్ వస్తోందా? ఇలా చూడండి

కొత్త ఎల్ఈడీ పెట్టగానే మీటర్‌లో బల్బు గుర్తు వెలిగితే బల్బు పోయిందనుకుని షాపుకి పరిగెత్తకండి, చాలాసార్లు బల్బు శుభ్రంగా వెలుగుతూనే ఉంటుంది. బండిలో లైట్లని నడిపించే చిన్న కంప్యూటర్, అంటే కంట్రోల్ మాడ్యూల్, చూసేది వెలుతురు కాదు, బల్బు ఎంత కరెంట్ లాగుతోందన్నది. బ్రేక్ లైట్‌లో ఉండే పాత 21 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు 1.75 ఆంప్స్ లాగుతుంది, అదే చోట 3 వాట్ల ఎల్ఈడీ పెడితే పావు ఆంపే, దాంతో మాడ్యూల్ బల్బు లోపలి సన్నటి తీగ (ఫిలమెంట్) తెగిపోయిందనుకుంటుంది.

అసలు వెలగనే లేదంటే ముందు బల్బు తీసి తిప్పి పెట్టండి. నెంబర్ ప్లేట్ దగ్గర వచ్చే 5 వాట్ల చిన్న బల్బుల్లో ప్లస్ మైనస్ తారుమారైతే ఎల్ఈడీ వెలగదు, సగం కంప్లైంట్లు ఇక్కడే తీరిపోతాయి.

ఇండికేటర్ టకటకా స్పీడుగా కొట్టుకుంటుంటే కారణం అదే, కరెంట్ తక్కువ. పాత బండ్లలో ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే స్విచ్ లాంటి ఫ్లాషర్ రిలే విడిగా ఉంటుంది కాబట్టి అవే పిన్నులున్న ఎల్ఈడీ రిలే వేస్తే పనైపోతుంది. రిలే లేకుండా మాడ్యూలే నడిపించే బండ్లలో మాత్రం బల్బు వైర్లకి ప్యారలల్‌గా 6 ఓమ్స్, 50 వాట్స్ రెసిస్టర్ కలపాలి, అది అదనంగా కరెంట్ లాగి మాడ్యూల్‌కి పాత బల్బే ఉన్నట్టు చూపిస్తుంది.

ఈ రెసిస్టర్‌తో చాలా జాగ్రత్త అండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టుల మీద అది 30 వాట్ల పైనే వేడిగా మారుస్తుంది. నా బండి బ్రేక్ లైట్‌కి బిగించినాయన దాన్ని జిప్ టై వేసి బంపర్ లోపలి ప్లాస్టిక్‌కే కట్టేశాడు, సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద కాలు పెట్టి రెండు నిమిషాలు ఆగేసరికి కాలిన వాసన, ఇంటికొచ్చి డిక్కీ తీసి లోపలి కవర్ ఊడదీస్తే జిప్ టై కరిగి రెసిస్టర్ వేలాడుతోంది, అది ఆనుకున్న చోట ప్లాస్టిక్ మెత్తబడి గుంట పడిపోయింది. కాబట్టి బాడీ మెటల్‌కి స్క్రూలతో బిగించండి, వైర్లు దానికి తగలకుండా చూడండి.

తాళం తిప్పగానే, లైట్లు ఆఫ్‌లో ఉన్నా ఎల్ఈడీలు మిణుకుమిణుకుమంటున్నాయా? మాడ్యూల్ ఫిలమెంట్ ఉందో లేదో చూడటానికి చిన్న చిన్న పల్సులు పంపుతుంది, ఆ కాస్త కరెంట్‌కే ఎల్ఈడీ వెలిగిపోతుంది. 5 వాట్ల చోట్ల లోపలే లోడ్ ఉన్న క్యాన్‌బస్ బల్బు చాలావరకు సరిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి బండ్లలో కోడింగ్‌లో, అంటే బండి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో, ఈ పల్సుల చెకింగ్‌ని (కోల్డ్ డయాగ్నసిస్) ఆఫ్ చేయించుకోవచ్చు, నాకైతే రెసిస్టర్ కంటే ఇదే నయం, వేడి గొడవే లేదు.

హెడ్‌లైట్ జోలికి మాత్రం వెళ్లొద్దు, హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో పడుతుంది.

ఇంకోటి, రెసిస్టర్ వేసినా చెకింగ్ ఆఫ్ చేసినా తర్వాత ఎల్ఈడీ నిజంగా పోతే బండి మీకు చెప్పదు. అందుకే వారానికోసారి రాత్రిపూట గోడకి వెనక్కి పెట్టి బ్రేక్ నొక్కండి, ఎర్ర వెలుతురు రెండు పక్కలా పడుతోందో లేదో అద్దంలో చూసుకోండి.