నూనూగు మీసాల కుర్రాడికి మొదటి షేవింగ్: మెడ దగ్గర మాత్రం తొందరొద్దు

మా పెద్దాడికీ, ఇద్దరు మేనల్లుళ్ళకీ గడ్డం గీసుకోవడం నేనే నేర్పాను. చాలామంది కుర్రాళ్ళు నాన్న రేజరు తీసుకుని, బాత్రూం తలుపేసుకుని, పొడి చర్మం మీదే బరబరా గీకేస్తారు. ఎర్రగా కందిపోయిన ఆ మెడలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

"ఇప్పుడే గీస్తే గుబురుగా వస్తుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు భయపెడతారు. రాదు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడిదాకా పోదు. సన్నటి కొస తెగి మొద్దుబారుతుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే.

రేజరు, క్రీము, బ్రష్షు, పటిక ముక్క చాలు. మూడు నాలుగు బ్లేడులుండే రేజర్లు కొనొద్దు. అవి వెంట్రుకను మరీ లోతుకు కోస్తాయి, రింగుల జుట్టు వాళ్ళకి అది లోపలికే వంగి మొలిచి పొక్కవుతుంది. రేజరు ఎవరిది వాళ్ళకే ఉండాలి, కన్నతండ్రిదైనా వాడకూడదు. కంటికి కనిపించనంత రక్తంతో కూడా హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు.

వేన్నీళ్ళ స్నానం కాగానే నురుగు పట్టించి రెండు నిమిషాలు ఆగండి. బుగ్గలు, పైపెదవి ఎవరైనా గీసేస్తారు.

అసలు పని మెడ దగ్గరే. బుగ్గ మీద వెంట్రుకలు కిందికి వాలి ఉంటాయి, మెడ మీద అలా కాదు. కొందరికి పైకి, కొందరికి పక్కకి. మా చిన్న మేనల్లుడికైతే ఎడమవైపు మొత్తం చెవి వైపు తిరిగి ఉంటాయి. అందుకే నురుగు పూయకముందే, రెండు రోజులు పెరిగిన గడ్డం మీద వేలు నాలుగు దిక్కులా నడిపి చూడాలి. నున్నగా జారితే వాలు, గుచ్చుకుంటే ఎదురు. ఎడమా కుడీ విడివిడిగా చూసుకుని గుర్తుపెట్టుకోవాలి.

ఇక రెండో చేత్తో చర్మం కొంచెం బిగలాగి, వాలులోనే, అంగుళం మించకుండా చిన్న చిన్న గీతలు గీయాలి. నొక్కొద్దు, రేజరు బరువే చాలు. రెండు గీతలకోసారి నీళ్ళలో ఆడించాలి. ఇంకా మిగిలిందనిపిస్తే మళ్ళీ నురుగు పూశాకే గీయాలి. మొటిమ ఉంటే దాని చుట్టూ తిరిగి రావాలే గానీ మీదనుంచి పోకూడదు. మొదటి ఏడాది ఎదురు గీయనే కూడదు. మా పెద్దాడు ఓ పెళ్ళికి ముందు బయట షాపులో నున్నగా రావాలని ఎదురు గీయించుకొచ్చాడు. తెల్లారేసరికి చొక్కా కాలరు రాసుకునే చోటల్లా పొక్కులే.

అయ్యాక చన్నీళ్ళతో కడిగి, తువ్వాలు రుద్దకుండా అద్దుకుని, తడిపిన పటిక ఒక్కసారి రాయండి. మంటపుట్టే ఆఫ్టర్‌షేవ్‌లు లేత చర్మానికి అక్కర్లేదు.

ఐదారు షేవింగ్‌లకు బ్లేడు మార్చేయాలి. పాతది మందపాటి కాగితంలో చుట్టి, టేపు వేసి పారేయండి. ఊరికే పడేస్తే చెత్త ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి.