మాయమైన 'ఈజ్' మామిడిపండు దగ్గర దొరికింది

మాది ఉలవపాడు. సాయంత్రాలు ఇంటి దగ్గర రెండో తరగతి పిల్లలు ఎనిమిది మందికి ఇంగ్లీషు చెప్తాను. ఎన్నిసార్లు చెప్పినా "హి ఈటింగ్", "షి రన్నింగ్" అనేవాళ్లు. మధ్యలో 'ఈజ్' మాయం. బొమ్మల చార్టు, పాట, పదేసిసార్లు రాయించడం అన్నీ అయ్యాయి, లాభం లేదు.

చివరికి దారి తెలుగులోనే దొరికింది. ఒక పిల్లాడి చేతికి మామిడిపండు ఇచ్చి, "వీడేం చేస్తున్నాడు?" అన్నాను. "తింటున్నాడు!" రసం వాడి మోచేతి దాకా కారుతోంది. "అదే మాట సాగదీసి చెప్పండి." "తింటూ... ఉన్నాడు." ఆ 'ఉన్నాడు' దగ్గర చప్పట్లు కొట్టించాను. ఇంగ్లీషులో ఈ 'ఉన్నాడు' ముందుకొస్తుందని చెప్పి, 'హి' అని, చప్పట్లు కొట్టి, 'ఈటింగ్' అనిపించాను. అది కుదిరాకే చప్పట్ల చోట 'ఈజ్' పెట్టాను. పండు టెంకకొచ్చేలోపు ఆరుగురికి పట్టుబడింది. 'ఉన్నాను'కి 'యామ్', 'ఉన్నారు'కి 'ఆర్' మర్నాడు చెప్పాను, ఒకేరోజు కాదు.

అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకైతేనే ఇది. పైగా మనం రోజూ చేసే పనికి కూడా "వెళ్తున్నాను" అంటాం కదా, మా వాళ్లిప్పుడు "ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ" అంటున్నారు. దాని సంగతి ఇంకా చూడాలి.