హార్ట్ ఆకారం గాజు పూస చేసే ముందు

గాజు కరిగించే గ్యాస్ టార్చ్ వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. పాలిస్టర్ బట్టలు వద్దు, కాటన్ వేసుకుని జుట్టు ముడేసుకోండి. మామూలు చలువ కళ్లద్దాలు సరిపోవు, వేడెక్కిన గాజు నుంచి వచ్చే పసుపు వెలుగును ఆపే డిడీమియం అద్దాలే కావాలి.

గాజు కడ్డీలన్నీ 104 సీఓఈ (వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె) గాజేనా చూసుకోండి; సీఓఈ 33 ఉండే బోరోసిలికేట్ గాజు కలిసిందంటే చల్లారేటప్పుడు పూస పగులుతుంది. పూసను చుట్టే స్టీలు పుల్లకు గాజు అంటకుండా పూసిన పూత పూర్తిగా ఆరాలి, లేదంటే మంటలో పెచ్చులూడి గాజు పుల్లకే అతుక్కుపోతుంది. కిల్న్ (పూసను మెల్లగా చల్లార్చే కొలిమి) ముందే సుమారు 510 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కి ఉండాలి.

అసలు టెన్షన్ హార్ట్ కింది మొన దగ్గరే: పైన చీలిక కోసం కత్తితో నొక్కుతున్నంతసేపూ కింది సన్నని కొస చల్లబడిపోతూ ఉంటుంది, కాబట్టి మధ్యమధ్యలో దాన్ని మంటలో అలా తిప్పి తీయండి, లేకపోతే టిక్కుమని విరుగుతుంది. చల్లారాక రంధ్రంలోని పూతను నీళ్లలోనే గీకండి, ఆ పొడి పీల్చకూడదు.