మనసు గురించి చదువుకుందాం – 3: ఏ జర్నల్స్ వెంట వెళ్లాలి?

పోయిన భాగంలో ఒక పరిశోధన వ్యాసాన్ని ఎలా చదవాలో చూశాం. అది కాస్త అలవాటయ్యాక పట్టుకునే టెన్షన్ ఒకటుంది: ఇన్ని జర్నల్స్‌లో దేన్ని క్రమం తప్పకుండా చూడాలి? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పట్టిక తెరిచి పైనున్న పేర్లు రాసుకోవద్దు. ఒక జర్నల్‌లోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో ఆ అంకె చెబుతుంది. మీకు కావలసిన చర్చ అక్కడ జరుగుతోందో లేదో చెప్పదు. ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి.

ఉదాహరణకి, ఎదుటివాళ్ల మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది? 1978లో ప్రీమాక్, వుడ్రఫ్ అనే పరిశోధకులు చింపాంజీకి ఈ శక్తి ఉందా అని అడుగుతూ 'బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్'లో రాశారు. ఈ జర్నల్‌లో వ్యాసం వెనకే ఇతరుల వ్యాఖ్యలు, ఆపైన రచయితల జవాబు అచ్చవుతాయి. ఆ వ్యాఖ్యల్లోనే డెనెట్‌తో పాటు ఇంకో ఇద్దరు తత్వవేత్తలు అసలు మెలిక పట్టుకున్నారు: ఎదుటివాడు పొరబడ్డ సందర్భంలో పరీక్షిస్తే తప్ప, అతని నమ్మకాన్ని అర్థం చేసుకున్నట్టు తేలదు.

1983లో విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వవేత్తలు అలాంటి పరీక్షే పిల్లలకు పెట్టారు. మాక్సి అనే పిల్లాడు చాక్లెట్‌ని ఒక అల్మారాలో పెట్టి బయటికి వెళ్తాడు. వాళ్లమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన మాక్సి ఎక్కడ వెతుకుతాడు? మరీ చిన్నపిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపించారు, అంటే మాక్సి పొరబడతాడని వాళ్లకు తట్టలేదు. ఈ వ్యాసం 'కాగ్నిషన్'లో వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల మీద ఇలాంటి ప్రయోగం కూడా 1985లో అక్కడే వచ్చింది.

తత్వవేత్తల వాదన ఒక జర్నల్‌లో, దాన్ని తేల్చే ప్రయోగం ఇంకో జర్నల్‌లో! నాకు ఈ రంగం మీద ప్రేమ పుట్టించేది ఇదే. కాబట్టి ఈ ప్రశ్న మీదైతే ఆ రెండూ, వాటితో పాటు 'మైండ్ అండ్ లాంగ్వేజ్' చాలు. ఒక అంశంలో ఇప్పటిదాకా ఏం జరిగిందో తొందరగా తెలియాలంటే 'ట్రెండ్స్ ఇన్ కాగ్నిటివ్ సైన్సెస్' సమీక్షలు చూడండి. 1950లో యంత్రాలు ఆలోచించగలవా అన్న ట్యూరింగ్ వ్యాసం వేసిన 'మైండ్' గొప్ప పత్రికే, 1876 నుంచి వస్తోంది. కానీ అందులో తర్కం, నీతిశాస్త్రం కూడా ఉంటాయి గనుక ప్రతి సంచికా మీకు పనికొస్తుందని కాదు.

డబ్బు కట్టనక్కర లేనివి కావాలంటే 'ఓపెన్ మైండ్', 'ఫిలాసఫర్స్ ఇంప్రింట్' ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలో చదువుతుంటే, 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నల్స్‌కి కేంద్రమే చందా కట్టే పథకం) కింద ఏవేవి అందుతాయో లైబ్రరీలో అడగండి.

ఈ వారం పని: మీకు నచ్చిన ఒక వ్యాసం చివరి ఉదహరణల జాబితాలో మళ్లీ మళ్లీ కనిపించే జర్నల్ పేర్లు రాసుకోండి. ఒక్కోదాని తాజా రెండు సంచికల విషయసూచిక చదవండి. చదవాలనిపించే శీర్షిక ఒక్కటీ దొరక్కపోతే ఆ పేరు కొట్టేయండి. మిగిలినవాటికి ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోండి. ఆ అలర్ట్స్‌లో ఏది చదవాలో, ఏది వదిలేయాలో వచ్చే భాగంలో చూద్దాం.