పీహెచ్‌డీ గైడ్‌కు మొదటి ఈమెయిల్ ఎలా రాయాలి?

పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే ఉత్తరాన్ని ఏ ఆచార్యుడూ తనకోసం రాసిందనుకోరు. అందుకే ఈ పని రాయడంతో కాదు, చదవడంతో మొదలుపెట్టండి.

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. మీరు కోరుకునే గైడ్ పర్యవేక్షణలో వచ్చిన ఒక గ్రంథాన్ని తీసి చివరి అధ్యాయం చదవండి. ఇంకా తేలాల్సినవి ఏమిటో తరచుగా అక్కడే ఉంటాయి. మీ అంశానికి బీజం అక్కడే దొరకవచ్చు.

తర్వాత ఖాళీ సంగతి చూడండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోలేరు. ఇది తెలియక నెలల తరబడి ఎదురుచూసేవారిని చూస్తే బాధనిపిస్తుంది.

సబ్జెక్ట్ లైన్‌లో మీరు రాస్తున్న కారణం, అంశం రెండూ కనిపించాలి: ‘పీహెచ్‌డీ పర్యవేక్షణకు అభ్యర్థన – నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్’.

ఇక అసలు ఉత్తరం. ఉదాహరణకు ఇలా:

‘గౌరవనీయులైన ఆచార్యులకు నమస్కారం. నేను జియాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)కు అర్హత సాధించాను. మీ పర్యవేక్షణలో నల్లగొండ జలాలపై వచ్చిన సిద్ధాంత గ్రంథం చదివాను. అందులో నమూనాలన్నీ వేసవిలో తీసినవే. వానల తర్వాత అవే బోర్లలో ఫ్లోరైడ్ ఎలా మారుతుందో పరిశీలించాలని ఉంది. ఈ విడతలో మీ దగ్గర ఖాళీ ఉంటే, పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వగలరని కోరుతున్నాను.’

‘అందులో నమూనాలన్నీ వేసవిలో తీసినవే’ అన్న వాక్యం చూడండి. చదవనివారు రాయలేని మాట అది. మీ ఉత్తరంలోనూ అలాంటిది ఒక్కటైనా ఉండాలి. ‘మీ పరిశోధనలంటే ఎంతో అభిమానం’ వంటి పొగడ్తలు దాని లోటును తీర్చలేవు. ఇంగ్లిష్‌లో రాసినా ఇదే క్రమం పాటించండి.

బయోడేటా, ఒక పేజీ ప్రతిపాదన పీడీఎఫ్‌గా జతచేయండి. ఫైలుకు మీ పేరే పెట్టండి. పంపేముందు ఆచార్యుల పేరులో అక్షరాలు సరిచూసుకోండి.

రెండు వారాలు ఆగండి. జవాబు రాకపోతే అదే ఈమెయిల్ కింద రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తుచేయండి. ఖాళీ లేదని చెబితే కృతజ్ఞతలు తెలిపి, ఈ అంశంపై ఇంకెవరు పనిచేస్తున్నారో అడగండి. అంగీకరించినా ఇంటర్వ్యూ తప్పదు; జేఆర్‌ఎఫ్ వంటి అర్హత లేనివారికి సాధారణంగా ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. గైడ్‌ను కేటాయించేది విభాగమే.