జీహెచ్‌సీఐ వదలకుండానే ఫైల్ ఎడిట్ చేయడం

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసేవాళ్లు చాలామంది రెండు టెర్మినళ్లు తెరుచుకుంటారు. ఒకదాంట్లో ఎడిటర్, ఇంకోదాంట్లో జీహెచ్‌సీఐ, అంటే హాస్కెల్ కోడ్ టైపు చేయగానే నడిపి జవాబు చూపించే ప్రోగ్రాం. అక్కడ సేవ్ చేసి, ఇక్కడికొచ్చి రీలోడ్ కొట్టాలి. కొట్టకపోతే పాత కోడే నడుస్తుంది, మార్చింది ఎందుకు పనిచేయట్లేదా అని తల పట్టుకోవాలి. నేనైతే జీహెచ్‌సీఐ లోంచే విమ్ అనే ఎడిటర్ తెరుస్తాను. చిన్న ఫైళ్లకు ఇంత హాయైన పద్ధతి ఇంకోటి లేదు.

ముందు ప్రాంప్ట్ (జీహెచ్‌సీఐలో కమాండ్ టైపు చేసే చోటు) దగ్గర ‘:సెట్ ఎడిటర్ విమ్’ అని కొట్టండి (కమాండ్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే). ఇదే లైను హోం ఫోల్డర్‌లోని ‘.జీహెచ్‌సీఐ’ ఫైల్లో రాసుకుంటే మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక పని. మా చీటీ లెక్క కోసం నేను వాడే ఫైలే చూడండి. 20 మంది, నెలకు 5,000, మొత్తం లక్ష. పాట 22,000కి పోతే అందులో కమీషన్ 5,000 తీసేసి, మిగిలిన 17,000 అందరికీ పంచాలి. పూర్ణాంకాలుగా ప్రకటించిన ఈ సంఖ్యల్ని మామూలు గీత గుర్తు (/)తో భాగించారనుకోండి, ఫైల్ లోడ్ అవ్వదు, ‘ఫ్రాక్షనల్ ఇంట్’ లేదంటూ, అంటే పూర్ణాంకాలకు ఆ భాగహారం కుదరదంటూ ఎర్రర్ వస్తుంది. అప్పుడు ‘:ఎడిట్’ కొట్టండి, లేదా ఒక్క ‘:ఈ’ చాలు. ఫైల్ పేరు ఇవ్వక్కర్లేదు. విమ్ తెరుచుకునేసరికి కర్సర్ సరిగ్గా ఆ తప్పున్న లైను మీదే ఉంటుంది. నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇదే. గీత తీసేసి, పూర్ణాంకాల్ని భాగించే ‘డివ్’ పెట్టి, సేవ్ చేసి బయటికి రండి. ఫైల్ దానంతటదే రీలోడ్ అవుతుంది. ఒక్కొక్కరి వాటా ఎంతో అడుగుతూ ముందే ఓ పరీక్ష లైను కొట్టి ఉంటే, పై బాణం నొక్కుతూ పోతే అది దొరుకుతుంది, ఎంటర్ కొడితే 850.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. రీలోడ్ అయితే ప్రాంప్ట్ దగ్గర మీరు పేరు పెట్టి దాచుకున్న విలువలన్నీ పోతాయి. పాటల జాబితాలాంటిది అక్కడ టైపు చేసి ఉంటే, ముందే దాన్ని ఫైల్లోకి ఎక్కించండి. ఫైల్ని ఊరికే చూసి రావాలంటే విమ్‌లో ‘:సీక్యూ’ కొట్టి బయటికి రండి. ఎడిటర్ ఫెయిలైనట్టు లెక్క కాబట్టి జీహెచ్‌సీఐ రీలోడ్ చేయదు, మీ విలువలూ అలాగే ఉంటాయి.

విమ్ బదులు వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడేవాళ్లు ఎడిటర్ కమాండ్ చివర ‘--వెయిట్’ తప్పకుండా చేర్చాలి. లేకపోతే కిటికీ తెరుచుకోగానే కమాండ్ పూర్తయిపోతుంది, మీరు అక్షరం కూడా మార్చకముందే రీలోడ్ జరిగిపోతుంది.