తుంటికి రాడ్ వేశాక తగ్గిన నొప్పి మళ్లీ వస్తే

తుంటి విరిగి రాడ్ వేయించుకున్న పెద్దావిడ మూడు వారాలుగా తొడ నొప్పి అంటుంటే ఇంట్లోవాళ్లు మాత్రలతో నెట్టుకొచ్చారు. ఆసుపత్రికి తెచ్చేసరికి, రాడ్‌లోంచి తొడ ఎముక పైకొన బంతిలోకి బిగించిన స్క్రూ ఆ బంతిని చీల్చుకుని కీలు గిన్నెలోకి దిగిపోయింది. ఇలాంటివి ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఎముక అతికే దాకా బరువు మోయడమే రాడ్ పని. అతకడానికి 3, 4 నెలలు పడుతుంది. అతకకపోతే అడుగు వేసిన ప్రతిసారీ ఆ లోహమే కాస్త కాస్త వంగుతుంటుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే, చివరికి స్క్రూ దూర్చిన రంధ్రం దగ్గర రాడ్ విరుగుతుంది. ఎముక గుల్లబారిన వాళ్లలో అంత దూరం కూడా రాదు, మొదటి 3 నెలల్లోనే స్క్రూ బంతిని కోసుకుని బయటికి వచ్చేస్తుంది.

ఎక్కువ మందిని ముంచే తప్పు ఒకటే: తగ్గిన నొప్పి మళ్లీ మొదలైతే వయసు నొప్పి, వాతం అనుకుని మాత్ర వేయడం. ఆపరేషన్ నొప్పి వారం వారం తగ్గుతూ పోవాలి. తగ్గినది గజ్జల్లోనో తొడలోనో తిరిగి వచ్చిందన్నా, నిన్న వాకర్‌తో వసారా దాకా వచ్చిన మనిషి ఇవాళ మంచం దిగనంటున్నా ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి. మోకాలి దగ్గర నొప్పి అన్నా సరే, తుంటికి కూడా తీయించండి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి.

ఆపరేషన్ అయ్యాక తీసిన మొదటి ఫిల్మ్ వెంట తీసుకెళ్లండి. రెండూ పక్కపక్కన పెడితేనే స్క్రూ కొన ఎంత కదిలిందో తెలుస్తుంది. ఎదురుగా, పక్క నుంచి తీసిన ఫిల్ముల్లో స్క్రూ కొన నుంచి బంతి శిఖరానికి ఉన్న దూరాలు కలిపితే 25 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే కోసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ లెక్క డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి.

రాడ్ విరుగుతుందన్న భయంతో మంచానికే పరిమితం చేయకండి. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. సర్జన్ మోపమన్నంత బరువు మోపించండి.

నొప్పి లేకపోయినా 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు ఎక్స్‌రే.

నూనె మర్దన వద్దు. నాటు కట్టు వద్దు.

చుట్ట, బీడీ మాన్పించండి. ఎముకను అతకనివ్వవు.

కుట్ల దగ్గర రసి కారితే సొంతంగా యాంటీబయాటిక్ వేయకండి. తర్వాత పరీక్షలో క్రిమి దొరకదు.

డిశ్చార్జి చీటీలో ఎముక గుల్లబారడానికి మందు రాశారా? లేకపోతే అడిగి రాయించుకోండి. రెండో తుంటి కూడా ఉంది.

రాడ్ కాకుండా బంతి మార్చిన వాళ్లయితే పీట మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, వంగి కింద వస్తువు తీయకూడదు.

కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగితే నిలబెట్టకండి, లాగకండి. పడుకోబెట్టే తీసుకెళ్లండి.

మళ్లీ మొదలైన నొప్పికి మాత్ర వేసి రేపు చూద్దామనకండి.